పదకొండో నంబరు

హార్లన్, సెప్టెంబరు 9

ఏల్విన్ మామకి,

అమ్మ ఈపాటికి చెప్పే ఉంటుంది, లిస్టు వచ్చింది. వచ్చే ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్లు ఎవరెవరిని ఎగరేసుకుపోతాయో ముందే జోస్యం చెప్పే పెద్దమనుషులు కొందరున్నారు కదా, వాళ్ళు వేసింది. కాలేజీ జట్ల వెనక వరసలో ఈ ఏడాది కన్నేసి ఉంచవలసిన కుర్రాళ్ళు అని ముప్పై పేర్లు. నాది ఇరవై రెండోది. నా గదిలో ఉండే జవోన్‌ది నాలుగోది. పేరు ఉన్నందుకే పండగ చేసుకోవలసింది. కానీ దాని కింద రాసింది చదివాక రెండు రోజులు తిండి సహించలేదు.

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "డెమెట్రిక్ హోలిస్, సేఫ్టీ. బంతి ఎటు వస్తుందో అందరికంటే ముందు పసిగడతాడు. కాళ్ళు బంగారం. కానీ ఒళ్ళు దాచుకుంటాడు. గుద్దవలసిన చోట పక్కకి తప్పుకుని ఎదుటివాడి చొక్కా పట్టుకుని వేలాడతాడు."

వేలాడతానట మామా. జట్టంతా చదివారు. సోమవారం నా లాకరుకి ఎవడో పెళ్ళికూతురి మేలిముసుగు తగిలించాడు. జవోన్‌గాడు అందరి ముందూ వంగి, "అమ్మాయిగారూ, చొక్కా నలిగిందా?" అన్నాడు. కోచ్ కూడా నవ్వాడు.

సేఫ్టీ అంటే వెనక వరసలో ఆఖరి మనిషి, అది నేనే. నన్ను దాటినవాడికి ఇంక అడ్డే లేదు. అలాంటి చోట ఒళ్ళు దాచుకునేవాడిని ఏ జట్టు తీసుకుంటుంది? డ్రాఫ్ట్ మొదటి మూడు రౌండ్లలో నా పేరు పిలిస్తే అమ్మ ఆ చేపల ఫ్యాక్టరీలో కత్తి కింద పెట్టేస్తుంది. ఆమె మణికట్టు ఇప్పుడు సీసా మూత కూడా తిప్పలేకపోతోంది.

నువ్వు ఇదే మిసిసిపిలో ఇదే చోట ఆడినప్పుడు నిన్ను 'తలుపు' అనేవారట. వచ్చినవాడు వచ్చినట్టే మూసిన తలుపుకి గుద్దుకుని పడేవాడట. నాకు కొట్టడం నేర్పు. జైలు ఫోన్లో వద్దు, పావుగంటకి లైను కోసేస్తారు, పైగా పక్కన అమ్మ ఉంటుంది. ఉత్తరం రాయి.

నీ మేనల్లుడు
డెమెట్రిక్

*

పొలం జైలు, రెండో బారక్
సెప్టెంబరు 20

ఒరేయ్ డెమెట్రిక్,

నీ ఉత్తరం తొమ్మిది రోజులకి చేరింది. అసలు కాగితం ఇవ్వరు, నకలు తీసి ఇస్తారు. నీ అక్షరాలు మీ అమ్మవిలా గుండ్రంగా ఉన్నాయి. అక్క ఆరోగ్యం సంగతి నువ్వు రాస్తేగాని తెలియలేదు. నాకు రాసేటప్పుడు అంతా బాగే అంటుంది, దొంగది.

మేలిముసుగు తగిలించినవాడెవడో కనుక్కో. ప్రాక్టీసులో మొదట వాడినే కొట్టు.

కొట్టడం భుజానికి తెలుసనుకుంటున్నావు. భుజానికేం తెలియదు. రెండడుగుల ముందే నువ్వు తేల్చుకోవాలి, వాడు నిలబడి ఉండకూడదని. బంతి అందుకోవడానికి వాడు రెండు చేతులూ పైకెత్తుతాడు చూడు, ఆ క్షణంలో వాడి పక్కటెముకలు నీవి. పరుగు తగ్గించకు. అందరూ అక్కడే తగ్గిస్తారు, నువ్వూ అక్కడే తగ్గిస్తున్నావు. వాడి దగ్గర ఆగకు, వాడిలోంచి దూరి అవతల తేలు. వాడి ఊపిరి బయటికి పోయే చప్పుడు నీ చెవికి వినపడాలి. వాడు లేచాక వాళ్ళమ్మ ఏ వరసలో కూర్చుందో వెతుక్కోవాలి. ఒక్కడికి అలా జరిగితే చాలు, మిగిలినవాళ్ళు నీ అడుగుల చప్పుడుకే బంతి వదిలేస్తారు.

ఇరవై ఏళ్ళ వయసులో ఒకడిని కొడితే వాడి హెల్మెట్ ఊడి బెంచీ దాకా దొర్లింది. నలభై వేల మంది లేచి నిలబడ్డారు. అబద్ధమెందుకు, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒంట్లో వేడి పుడుతుంది.

ఇక్కడ శనివారం మాకు టీవీ ఉంటుంది. నీ ఆట వేస్తే చూస్తాను. వేలాడావంటే నా మేనల్లుడివని ఎవరికీ చెప్పను.

మామ

*

హార్లన్, అక్టోబరు 6

మామా,

చూశావా? టీవీలో వేశారా?

నీ ఉత్తరం అందాక మొదటి ఆటలోనే ఒకడిని నువ్వు చెప్పినట్టే కొట్టాను. చేతులు పైకెత్తాడు, నేను తగ్గలేదు. ఊపిరి చప్పుడు నిజంగానే వినపడింది. నోటి కాపు ఎగిరిపడింది, దాని వెంట రెండు పళ్ళు. వాడు మోచేతుల మీద లేచి గడ్డి మీద నెత్తురు కక్కుతుంటే మా వాళ్ళు నా హెల్మెట్ మీద బాదుతూ గంతులు వేశారు. వాళ్ళమ్మని వెతుక్కున్నాడో లేదో చూడలేదు. నిన్నటి ఆటలో ఇంకొకడిని కొడితే దవడ విరిగిందట. కోచ్ అందరి ముందూ, "వీడెవడ్రా, మన పెళ్ళికూతుర్ని ఏం చేశాడు?" అన్నాడు. కొత్త లిస్టులో పదమూడోవాడిని.

ఒక సంగతి నీకే చెబుతున్నాను. కొట్టినప్పుడల్లా మెడలోంచి కుడిచేతి వేళ్ళ దాకా మంట పరుగెడుతుంది, మరుగుతున్న నూనె పోసినట్టు. తరవాత చెయ్యి చచ్చుబడిపోతుంది. మొదటిసారి ఒక నిమిషంలో వచ్చింది, నిన్న ఆట అయిపోయేదాకా రాలేదు. చెయ్యి బెల్టులో దోపుకుని నిలబడ్డాను, స్టయిలనుకున్నారు. డాక్టరుకి తెలిస్తే కూర్చోబెడతాడు. జట్ల తరఫున మమ్మల్ని ఎంచడానికి వచ్చే స్కౌట్లకి తెలిస్తే అంతే సంగతులు.

అలబామా వాళ్ళతో ఆట పందొమ్మిదో తేదీన. వాళ్ళ పదకొండో నంబరు వాడు స్నీడ్ అని, అడ్డంగా పరుగెత్తి మధ్యలో బంతి పట్టుకుంటాడు. ఇంతవరకూ వాడిని ఎవరూ పడగొట్టలేదు. ఆ ఆటకి పన్నెండు జట్ల స్కౌట్లు వస్తున్నారు. వాడిని ఎలా కొట్టాలో బొమ్మ గీసి పంపు, త్వరగా.

డెమెట్రిక్

*

హార్లన్, అక్టోబరు 27

మామా,

నువ్వు రాయలేదు. రోజూ పోస్టు పెట్టె చూశాను. పళ్ళూడాయి, దవడ విరిగింది అని రాశాను, అయినా నీకు ఆనలేదన్నమాట. లేకపోతే చెయ్యి మంట అన్నానని చీదరించుకున్నావు. నీ కాలంలో మంటలు ఉండేవి కావు కాబోలు. సరే, నువ్వు బొమ్మ పంపకపోయినా పని అయిపోయింది.

మూడో భాగంలో స్నీడ్ అడ్డంగా వచ్చాడు. నేను పదిహేను గజాల నుంచి మొదలుపెట్టాను. నీ మొదటి ఉత్తరమే గుర్తుంది: తగ్గించకు, దూరి అవతల తేలు. వాడు బంతి పట్టి కొంచెం వంగాడు. నేను తల దించి సూటిగా వెళ్ళిపోయాను. ఆ చప్పుడు పై వరసల దాకా వినపడిందట. నాకు కుడివైపు నడుము దాకా నిప్పు అంటుకున్నట్టయింది, అయినా లేచి నిలబడ్డాను. వాడు లేవలేదు. చేతులు పైకెత్తినట్టే ఉండిపోయాడు, దించలేదు. పలక మీద పడుకోబెట్టి, తలకి రెండు వైపులా దిమ్మలు పెట్టి కట్టి తీసుకెళ్ళారు. బొటనవేలు ఎత్తి చూపించాడని మా వాళ్ళన్నారు.

అంపైర్లు నాది తప్పని జెండా వేసి, వీడియో మూడు నిమిషాలు చూసి, తీసేశారు. వాడే వంగాడన్నారు. ఆదివారం లిస్టులో నేను ఆరోవాడిని. "ఈ ఏటి వెనక వరసలో ఇంతకంటే క్రూరమైన భుజం లేదు" అని రాశారు. మేలిముసుగు ఎవరు తీసేశారో తెలియదు, ఇప్పుడు అక్కడ లేదు.

అక్షరాలు సరిగ్గా లేవనకు, బస్సులో రాస్తున్నాను.

డెమెట్రిక్

*

పొలం జైలు
నవంబరు 17

డెమెట్రిక్,

కోపంలో ఉన్నావని తెలుసు. ముందు ఇది పూర్తిగా చదువు.

నీ ఉత్తరం అందిన రోజే, అక్టోబరు పదకొండున, నేను జవాబు రాశాను. బొమ్మ కూడా గీశాను. మనం చిన్నప్పటి నుంచి గీసుకునే బొమ్మే, మనవాళ్ళు సున్నాలు, వాళ్ళు ఇంటూలు, నీ పరుగుకి బాణం గుర్తు. పైన 'పదకొండు అడ్డంగా వస్తాడు, ఇక్కడ పడగొట్టు' అని రాశాను. మిసిసిపి మొత్తం మీద ఫుట్‌బాల్ చూడని మగాడు ఒక్కడుంటే, వాడిని తెచ్చి మా ఉత్తరాల గదిలో కూర్చోబెట్టారు. సార్జెంటు పిట్‌మన్. శనివారం వస్తే చేపలకి గాలం వేసుకునే రకం. అంతకు రెండు రోజుల ముందే ఇక్కడ పదకొండో బారక్‌లో ఒకడిని, దువ్వెన అరగదీసి, మెడలో పొడిచారు. పిట్‌మన్ నా కాగితం చూశాడు. పదకొండు, పడగొట్టు, ఇంటూలు, బాణాలు. ఇంకేముంది, రెండో మనిషిని లేపెయ్యమని నేను బయటికి కబురు పంపుతున్నానన్నాడు.

భోజనాల దగ్గర నలుగురొచ్చి నన్ను నేలకేసి కొట్టి మోకాలు మెడ మీద పెట్టారు. "అది ఆటండీ" అంటే, "ఆటేరా, తెలుసు" అని ఇంకో రెండు తగిలించారు. ఇరవై తొమ్మిది రోజులు ఒంటరి గదిలో ఉంచారు. నీ మూడో ఉత్తరం నాకు నిన్న ఇచ్చారు.

ఆ కాగితంలో ఏముందో మళ్ళీ రాస్తున్నాను, ఈసారి బొమ్మ లేకుండా, ఇంకా గట్టిగా. వెంటనే ఆపు. డాక్టరుకి చెయ్యి చూపించు. తల ఎప్పుడూ ఎదురు పెట్టకు. ఆ ముక్క నా మొదటి ఉత్తరంలోనే రాయవలసింది. నేను గొప్పలు చెప్పుకునే సంబరంలో పడి రాయలేదు. తప్పు నాది.

బస్సులో రాశానన్నావు. బస్సు కుదుపుకి అక్షరం పైకీ కిందకీ పోతుంది. నీ అక్షరాలు పోలేదు, సగంలో జారిపోయాయి, కలం పట్టు తప్పినవాడి రాతలా. నాకు అబద్ధం చెప్పకు.

నేను ఎందుకు లోపలున్నానో నీకు మీ అమ్మ ఏదో మెత్తగా చెప్పి ఉంటుంది. బార్ బయట పార్కింగులో ఒకడు నా కారుకి తగిలించి, పైగా నన్నే తిట్టాడు. రెండడుగుల ముందే తేల్చేసుకున్నాను. శనివారాలు ఎలా కొట్టేవాడినో అలాగే కొట్టాను, దూరి అవతల తేలాను. వాడి తల కాంక్రీటుకి తగిలింది. ఆ తరవాత, ఒరేయ్, నా చెవులు చప్పట్ల కోసం చూశాయి. పద్నాలుగేళ్ళయింది, ఆ ఒక్క సంగతికి నన్ను నేను క్షమించుకోలేదు.

ఆ పదకొండో నంబరు వాడు లేచాడా?

మామ

*

హార్లన్, డిసెంబరు 1

మామా,

నిన్ను కొట్టారని చదివి చాలా బాధపడ్డాను. అదంతా నా వల్లే. బొమ్మ అడిగింది నేను.

కానీ ఒక మాట అడుగుతాను. సెప్టెంబరులో ఆగకు అన్నావు, నవంబరులో ఆపు అంటున్నావు. ఇద్దరు మామల్లో ఎవరి మాట వినాలి? ఆరో స్థానం దాకా వచ్చాక ఆపితే ఇరవై రెండోవాడిగా కూడా ఉండను. నాకు మిగిలింది ఒక్క ఆట, తరవాత ఫిబ్రవరిలో జట్ల డాక్టర్ల పరీక్ష. వాళ్ళు రెండు వేళ్ళు ఇచ్చి నొక్కమంటారు. ఎడమచేత్తో రోజూ టెన్నిస్ బంతి నొక్కుతూ కుడిచేత్తో కూడా అలవాటు చేస్తున్నాను. పట్టు కొంచెం వస్తోంది. మోచెయ్యి పక్కటెముకకి ఆనించి నొక్కితే బలం ఎక్కువ తెలుస్తుందని జవోన్ చెప్పాడు.

అమ్మకి చెప్పకు. నిన్ను నమ్మి చెప్పాను. మార్చిలో నీ పెరోల్ విచారణకి నేనే వస్తాను, సూటు కొనుక్కుని వచ్చి బోర్డు ముందు నీ తరఫున మాట్లాడతాను. అప్పటికి నేను డ్రాఫ్ట్‌కి వెళ్తున్నవాడినని వాళ్ళకీ తెలుస్తుంది, అది నీకూ మంచిదే. మనిద్దరం ఒకరికొకరం సాయం చేసుకుందాం.

డెమెట్రిక్

*

పొలం జైలు
డిసెంబరు 15

ఒరేయ్ అల్లుడూ,

నీ వెనక చేసి దాచుకోవడం ఇష్టం లేక ముందే చెబుతున్నాను. ఈ ఉత్తరంతోపాటు ఇంకో రెండు వేశాను. ఒకటి మీ కాలేజీ జట్టు డాక్టరుకి. మంట, బెల్టులో దోపిన చెయ్యి, టెన్నిస్ బంతి, అన్నీ రాశాను, తేదీలతో సహా. రెండోది మీ అమ్మకి.

మాట తప్పానంటావు. తప్పాను. నువ్వు పరీక్షలో వేళ్ళు నొక్కి గెలవడం నాకు అక్కరలేదు.

నేను ఆడే రోజుల్లో మాతో ఒకడుండేవాడు, లూథర్ అని, నీలాగే చెయ్యి ఊపుకుంటూ నవ్వేవాడు. ఒక గురువారం ప్రాక్టీసులో, ఒట్టి ప్రాక్టీసులో, ఒక చిన్న దెబ్బకి పడ్డాడు. గడ్డి మీద పడి, "నన్నెవరో లేపండ్రా" అని మామూలుగా అడిగాడు. అప్పటికే లేపుతున్నాం. రెండు చంకల కింద చేతులు వేసి పట్టుకునే ఉన్నాం, వాడికి తెలియలేదు. అది ఇంకోసారి, నీ గొంతుతో, నేను వినలేను.

అడిగినదానికి జవాబు రాయలేదు. స్నీడ్ ఎలా ఉన్నాడు?

మామ

*

టాలో బెండ్, జనవరి 11

ఏల్విన్ గెయిన్స్‌కి,

మామా అని రాయడానికి చెయ్యి రావడం లేదు. కుడిచెయ్యి ఎటూ చచ్చిందే కదా.

నన్ను పెద్ద మిషన్లో పడుకోబెట్టి మెడ ఫొటోలు తీశారు. వెన్నుపాము దిగే దారి పుట్టుకతోనే ఇరుకట. ఇంకొక్క గట్టి దెబ్బ తగిలితే మెడ కింద ఏదీ నా మాట వినదట. డాక్టరు కాగితం మీద సంతకం పెట్టి నన్ను తీసేశాడు. ఆ కాగితం అన్ని జట్లకీ వెళ్ళింది. గురువారం లిస్టు వచ్చింది, ముప్పై పేర్లలో నాది లేదు. కింద ఒక్క వాక్యం కూడా రాయలేదు. జవోన్ రెండోవాడు. నేను ఇంటికొచ్చేశాను.

అమ్మ ఏం చేసిందో తెలుసా? డాక్టరు గదిలో అందరి ముందూ నన్ను లెంపకాయ కొట్టింది. అదే లెంప మీద ముద్దు పెట్టుకుంది. తెల్లారి మళ్ళీ ఫ్యాక్టరీకి వెళ్ళింది. ఆ కత్తి ఆమె చేతిలో ఉన్నన్నాళ్ళూ అది నువ్వు పెట్టిందే అనుకుంటాను.

నీకు దక్కనిది నాకు దక్కకూడదనుకున్నావు. ఇంతకంటే వేరే కారణం నాకు తట్టడం లేదు. పార్కింగులో ఒకడిని చంపావు, నన్ను ఉత్తరం రాసి చంపావు. నువ్వు ఎదురుగా ఉంటే పనికొచ్చే ఈ ఎడమచేత్తోనే నీ మొహం పగలగొట్టేవాణ్ణి. గోడకేసి గుద్ది గుద్ది వేలు ఒకటి విరగ్గొట్టుకున్నాను, ఆ గోడ నువ్వే అనుకుని.

విచారణకి రాను. నీ గురించి నా నోట్లోంచి వచ్చేది నువ్వు బోర్డుకి వినిపించాలనుకునేది కాదు.

డి. హోలిస్

*

పొలం జైలు
ఫిబ్రవరి 2

డెమెట్రిక్,

తిట్టినవన్నీ చదివాను. ఏ ఒక్కటీ కాదనను. ఆఖరుకి ఈర్ష్య సంగతి కూడా. నువ్వు ఆరోవాడివని చదివినప్పుడు ఒక క్షణం కడుపులో రగిలింది, ఒప్పుకుంటున్నాను. కానీ డాక్టరుకి రాసింది దానివల్ల కాదు.

విచారణ మార్చి పదకొండున. నువ్వు రానక్కరలేదు. రమ్మని మీ అమ్మ చేత కూడా అడిగించను. బోర్డు నా ఫైలులో ఆ బొమ్మ కాగితం పెట్టింది. కొత్త నేరం కింద దాన్నే చూస్తారట. నేను చెప్పేది చెబుతాను.

నువ్వు నాకు ఐదు ఉత్తరాలు రాశావు. స్నీడ్ లేచాడా అని నేను రెండుసార్లు అడిగాను. నువ్వు ఒక్కసారీ చెప్పలేదు. అంటే నాకు తెలిసిపోయింది. నేను కొట్టినవాడి దగ్గరికి వెళ్ళే వీలు నాకు లేకపోయింది, మర్నాడే పాతిపెట్టారు. నీవాడు ఉన్నాడు. నా కోసం రాకు, వాడి దగ్గరికి వెళ్ళు.

వేలికి కట్టు వేయించుకో. వంకరగా అతుక్కుంటే జీవితాంతం చలికాలంలో లాగుతుంది.

మామ

*

టాలో బెండ్, మార్చి 12

మామా,

వెళ్ళాను. బస్సులో ఆరు గంటలు. స్నీడ్‌ని తల కదలకుండా ఇనుప చట్రంలో పెట్టారు. భుజాలు కొంచెం ఎగరేస్తాడు, అంతే. బొటనవేలు ఎత్తి చూపించాడని మా వాళ్ళన్నది అబద్ధం. అది నాకు అక్టోబరులోనే తెలుసు. నీకు రాయలేకపోయాను. వాళ్ళమ్మ నన్ను చూసి స్పూనూ గిన్నె అక్కడే పెట్టి బయటికి వెళ్ళిపోయింది. గిన్నెలో ఉడికించిన మొక్కజొన్న గంజి ఉంది. చల్లారిపోతోందని నేనే తినిపించాను, ఎడమచేత్తో, సగం మెడ మీద పోశాను. వాడు, "నువ్వు కొట్టింది నాకు గుర్తు లేదు. తరవాత వీడియోలో చూశాను. బాగా కొట్టావు" అన్నాడు. వెటకారం కాదు మామా, నిజంగానే మెచ్చుకున్నాడు.

నిన్న విచారణకి వచ్చాను. నీకు తెలియదు. నిన్ను టీవీ తెర మీద చూపించి, అడగవలసింది అడిగి, తెర ఆపేసి, తరవాత బంధువులని లోపలికి పిలిచారు. సూటు కొనలేదు, అమ్మ తాను దాచి ఉంచిన నీ పాత కోటు ఇచ్చింది, భుజాల దగ్గర వదులు.

ఐదుగురున్నారు. మధ్యలో కూర్చున్న పెద్దావిడ ఫైలులోంచి ఆ కాగితం తీసి, "ఈ పదకొండు ఎవరో మీకు తెలుసా?" అంది. నేను దాన్ని మొదటిసారి చూశాను. సున్నాలు, ఇంటూలు, బాణం. అడుగున నీ చేతిరాత: తల వాడి వీపు వెనక్కి పెట్టు, ఎదురు పెట్టకు. కళ్ళు పైకి. పడగొట్టు, పగలగొట్టకు. ఈ ఒక్కడిని ఇలా ఆపి, ఇంటికెళ్ళి డాక్టరుకి చెయ్యి చూపించు.

తెలుసన్నాను. కుర్చీ ఒకటి జరిపి, అది స్నీడ్ అనుకోమని, తల ఎక్కడుండాలో, భుజం ఎక్కడ తగలాలో చేసి చూపించాను. అలా పట్టుకుంటే కుర్చీ మెల్లగా పక్కకి ఒరిగింది, చప్పుడు కూడా కాలేదు. ఆవిడ, "మరి ఆ రోజు మీరు అలాగే కొట్టారా?" అని అడిగింది.

లేదండీ, ఈ కాగితం నాకు రానివ్వలేదు అన్నాను. ఆ అబ్బాయి ఇప్పుడు ఎలా ఉన్నాడో, గంజి ఎలా తాగుతున్నాడో చెప్పాను. ఎవరూ ఏమీ రాసుకోలేదు.

చివర్న కూర్చున్నాయన, కోపంగా కాదు, తెలుసుకోవాలనే అడిగినట్టు, "వచ్చి ఉంటే మాత్రం మీరు వినేవారని ఏమిటి నమ్మకం?" అన్నాడు.

దానికి నేను చెప్పిన జవాబు నీకు మంచి చేస్తుందో చెడు చేస్తుందో తెలియదు. పది రోజుల్లో నిర్ణయం పంపిస్తారట. నేను అన్నది ఇదీ: "మా మామ ఏం రాస్తే అదే చేశానండీ. అంతకుముందు రాసిన ఉత్తరం నాకు అందింది."

నీ మేనల్లుడు
డెమెట్రిక్